ఏటిగట్టు కబుర్లు: స్లోలో వూగే ఇంజను

జూన్ 14 దాటితే మన తూర్పుతీరంలో మరపడవలకు వేట నిషేధం తీరిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి లెక్కవేస్తే మొత్తం 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం చేసిన ఏర్పాటు అది. ఈ రెండు నెలలూ కాట్రేనికోన మండలంలో బలుసుతిప్ప, పల్లం తట్టుకు వెడితే ఒడ్డున సుత్తి చప్పుళ్లు వినిపిస్తాయి. చెక్కల సందులు పూడ్చేవారు పూడుస్తుంటారు, రంగులు వేసేవారు వేస్తుంటారు, చెట్లనీడన కూచుని వలలు బాగుచేసేవారు చేస్తుంటారు. ఇంజను సంగతి మాత్రం చాలామందికి జూన్ పదో తారీకున గుర్తుకొస్తుంది.

అలా గుర్తుకొచ్చిన ఒక నావ యజమాని నన్ను పట్టుకున్నాడు. "మేష్టారూ, ఇంజను పరుగులో బాగానే వుంటాదండి. స్లోలో పెడితే మాత్రం వూగుద్దండి. ఒక్కోసారి గేరు వెయ్యగానే చచ్చిపోద్దండి. పంపు మార్చెయ్యాలంటున్నారు. మార్చమంటారా?" అని అడిగాడు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి ఇటువంటి ప్రశ్న అడగడమేమిటని కొత్త పాఠకులకు అనిపించవచ్చు. ఈ శీర్షిక మొదటినుంచీ చదువుతున్న వారికి నా యంత్రాల పిచ్చి కొత్త కాదు. ఎవరికి ఏ పిచ్చి వుందో వూరివాళ్లకు ముందే తెలుస్తుంది.

అతని ప్రశ్న చిన్నదే గాని, దాని వెనక వున్నది చిన్నది కాదు. పంపు మార్చడమంటే మరో అప్పు. మార్చాక కూడా ఇంజను వూగితే అప్పూ మిగులుతుంది, వూగడమూ మిగులుతుంది. పోనీ ఆ వూగేదాన్ని అలాగే తీసుకుపోదామా అంటే, మొగ దాటేటప్పుడు ఏం జరుగుతుందో తలుచుకోవాలి. పాటు తీస్తున్న వేళ గోదావరి నీరు ఒకవైపునుంచి తోస్తుంది, సముద్రపు అల ఎదురు కొడుతుంది, కింద ఇసుకమేట. అక్కడ నావ నడవవలసింది నెమ్మదిగానే. సరిగ్గా ఆ నెమ్మదిలోనే ఇంజను ఆగిపోతే ఇక చుక్కాని వున్నా లేనట్టే. నీళ్లలో నావ ముందుకు పోతుంటేనే చుక్కానికి పట్టు. 2018 జూలై 14న, మన పక్క మండలం ఐ.పోలవరంలో పశువుల్లంక దగ్గర, కడుతున్న వంతెన తాలూకు దిమ్మెను కొట్టుకుని పడవ బోల్తాపడి బడిపిల్లలు పోయారు. ఏటి వడిలో పడవ మీద అదుపు క్షణంసేపు తప్పితే ఏమవుతుందో ఈ ప్రాంతంవారికి నేను చెప్పనక్కరలేదు.

అసలు సంగతికి వద్దాం. నేను చెప్పబోయేది పడవ పొట్టలో బిగించిన పాత డీజిలు ఇంజను గురించి. ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క ఇనపగొట్టంలో పంపునుంచి డీజిలు వెళ్లే రకం. పడవ వెనక తగిలించే మోటారు వేరు. కంప్యూటరు పెట్టి నడిపే కొత్త ఇంజన్ల సంగతి బొత్తిగా వేరు, వాటి జోలికి వెళ్లవద్దు.

ఇటువంటి ఇంజను ఖాళీగా, అంటే గేరు వెయ్యకుండా, స్లోలో వున్నప్పుడు సాధారణంగా నిమిషానికి 600 నుంచి 800 చుట్లు తిరుగుతుంది. మీ ఇంజనుకు ఎంత వుండాలో దాని పుస్తకంలో వుంటుంది. 700 చుట్లనుకుంటే ఒక్కో సిలిండరు నిమిషానికి 350 సార్లు పేలుతుంది. ఆ ఒక్కొక్క పేలుడుకూ పంపు అందించే డీజిలు చుక్కలో చిన్న భాగం. అంత కొంచెంలో ఒక గాలిబుడగ దూరిందంటే ఆ పేలుడు తప్పిపోయినట్టే. పెద్ద పరుగులో డీజిలూ ఎక్కువే, గిరగిర తిరిగే బరువు చక్రం కూడా ఒకటి రెండు తప్పులను మింగేస్తుంది. అందుకే పరుగులో బాగున్న ఇంజను స్లోలో తన జబ్బు బయటపెడుతుంది. దీనికి తలకిందులుగా, స్లోలో బుద్ధిమంతుడిలా వుండి బరువు పడగానే నీరసించే ఇంజనుంటే, అక్కడ డీజిలు వచ్చే దారి ఇరుకైందన్నమాట. ముందు ఫిల్టరు చూడండి. ఈ రెండు జబ్బులనూ ఒకటిగా కలిపేసి వైద్యం చేసేవారు చాలామంది వున్నారు.

ముట్టుకోబోయేముందు వినాలి. ఛందస్సు చెప్పుకు బతికేవాణ్ణి గనక నాకు ఇంజను చప్పుడు పద్యంలాగే వినిపిస్తుంది. ప్రతి పాదంలోనూ ఒకే చోట గణం తప్పుతున్నట్టు, క్రమం తప్పకుండా ఒక దెబ్బ లోపిస్తుంటే, ఏదో ఒక సిలిండరు పనిచెయ్యడం లేదు. ఎక్కడ తప్పుతుందో తెలియకుండా అప్పుడొకటి అప్పుడొకటి తప్పుతుంటే నీరో, చెత్తో, గాలిబుడగలో వస్తున్నాయి. అలాకాక గణాలన్నీ సరిగానే వుండి మొత్తం రాగమే పైకీ కిందకీ పోతూ, ఊఁ... ఊఁ... అని వుయ్యాల వూగుతుంటే అది మూడో రకం. మా నావ యజమాని చెప్పిన వూగడం ఇదే.

ఈ మూడో రకానికి ఇంగ్లీషు ఇంజనీర్లు పెట్టిన పేరుకు తెలుగు 'వేట'. ఇంజను వేటాడుతోంది అంటారు వాళ్లు. మన రేవుల్లో వేటంటే చేపలవేటే. ఈ మాట చెబితే మా నావ యజమాని పడీపడీ నవ్వాడు. "మేం వేట మానేస్తే ఇంజను ఆడుతోందన్నమాటండి!" అన్నాడు.

ఈ వేటకు మూలం గవర్నరు. రాజభవనంలో వుండే గవర్నరు కాదు, పంపుకు కూడా ఒక గవర్నరుంటాడు. చుట్లు తగ్గితే డీజిలు కొంచెం ఎక్కువ ఇవ్వడం, చుట్లు పెరిగితే తగ్గించడం ఆయన ఉద్యోగం. 1788లో జేమ్స్ వాట్ ఆవిరియంత్రానికి రెండు ఇనపగుండ్లు తగిలించి ఈ పద్ధతి పెట్టాడు. గుండ్లు తిరిగి తిరిగి వూగిసలాడడం ఎందుకని లెక్కకట్టి 1868లో మాక్స్‌వెల్ ఒక వ్యాసమే రాశాడు. విద్యుత్తు, అయస్కాంతం, వెలుగు ఒకే కుటుంబమని చెప్పిన మహానుభావుడాయన. అంత లెక్క మనకెందుకుగాని, వంటింటి ఉదాహరణ చాలు. పులుసులో ఉప్పు చాలలేదని వేస్తారు. కరిగేదాకా ఆగకుండా రుచిచూసి ఇంకొంచెం వేస్తారు. ఉప్పు ఎక్కువయిందని నీళ్లు పోస్తారు. చప్పబడిందని మళ్లీ ఉప్పు. తప్పు నాలుకది కాదు, ఆలస్యానిది. గవర్నరు డీజిలు ఇస్తే అది వెంటనే సిలిండరుకు చేరాలి. మధ్య గాలి వుంటే ఏమవుతుంది? డీజిలు నొక్కితే కుంగదు, గాలి కుంగుతుంది. ఇచ్చింది సమయానికి అందదు. అందేసరికి గవర్నరు మరికొంత ఇచ్చేసి వుంటాడు. అంచేత పాపం గవర్నరు కనబడుతున్నాడుగదా అని ఆయన్ను విప్పెయ్యకూడదు. చాలాసార్లు ఆయన నిర్దోషి.

ముందు టాంకు దగ్గరనుంచి రావాలి. ఇక్కడ ఒక చిక్కుంది. టాంకునుంచి పైకి లాగే చిన్న పంపుదాకా గొట్టంలో వున్నది పీల్పు. అక్కడ పగులుంటే ఇంజను నడిచేటప్పుడు డీజిలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. ఎంత తడిమినా చెయ్యి పొడిగానే వుంటుంది. "ఎక్కడా లీకు లేదండి" అని అందరూ ప్రమాణం చేస్తారు. నిజమే, కారే లీకు లేదు.

దీనికి నాకు నచ్చిన పరీక్ష ఒకటుంది. ఒక శుభ్రమైన డబ్బాలో వడకట్టిన డీజిలు పోసి, ఇంజనుకంటె ఎత్తున, వేడి పొగగొట్టానికి దూరంగా గట్టిగా కట్టండి. దాన్నుంచి, లోపల డీజిలు కనిపించే ప్లాస్టిక్ గొట్టంతో నేరుగా ఫిల్టరుకు కలపండి. తిరుగు డీజిలు వచ్చే గొట్టాన్ని కూడా ఆ డబ్బాలోకే పెట్టండి. గాలి తీసి ఇంజను నడపండి. పావుగంటలో వూగడం ఆగిపోతే పంపూ గవర్నరూ మంచివే, దోషం టాంకుకూ ఫిల్టరుకూ మధ్య వున్నది. డబ్బాతో కూడా అలాగే వూగితే దోషం ఫిల్టరునుంచి ఇటువైపు వున్నది. పంపు మార్చడానికి అయ్యే డబ్బుముందు ఈ డబ్బా ఖర్చు ఏపాటిది!

మా నావమీద డబ్బా పెట్టగానే పది నిమిషాల్లో రాగం కుదిరింది. యజమాని ముఖం చూడాలి. ఇక వెతకడం మిగిలింది. ఇటువంటప్పుడు చూడవలసినవి: రబ్బరు గొట్టం బిగింపుకింద చీలిందా, ఒకసారి నలిగిన రాగి వాషర్లనే మళ్లీ వేశారా, ఫిల్టరు గిన్నె కింద రబ్బరు చుట్ట గట్టిపడిపోయిందా. టాంకుకు గాలి వెళ్లే సన్నగొట్టం పెయింటుతోనో, కందిరీగ గూటితోనో మూసుకుపోవడం కూడా కద్దు. దీన్ని కనిపెట్టడం తేలిక: ఇంజను నీరసించినప్పుడు టాంకు మూత తీస్తే కోలుకుంటుంది. ఇక్కడ దొరికింది రబ్బరుగొట్టం. పలకలకింద, పడవలో నిలిచే ఉప్పునీరు తగిలే చోట, బిగింపు అంచున వెంట్రుకంత చీలిక. పైకి చూస్తే కొత్తగా వుంది, వంచితే నోరు తెరిచింది.

డీజిలు టాంకు సంగతి చెప్పేటప్పుడు నీటిని మరవకూడదు. రెండు నెలలు సగం టాంకుతో నావను ఒడ్డున పెడితే, పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ ఖాళీ భాగంలోని గాలి చెమర్చి నీరవుతుంది. నీరు డీజిలు కంటె బరువు గనక అడుగున చేరుతుంది. డీజిలూ నీరూ కలిసే అంచున కంటికి కనిపించని క్రిములు పెరిగి నల్లటి బురద కడతాయి. కాబట్టి నిషేధానికి ముందే టాంకు నింపివుంచాలి. నడిపేముందు అడుగునుంచి కొంచెం గాజుసీసాలోకి వదిలి, కాసేపు కదపకుండా వుంచి చూడాలి. కింద గీత కనిపిస్తే నీరు తీసెయ్యాలి. అందుకు మన కోనసీమలో మరో కారణం కూడా వున్నది. లంకలకూ తిప్పలకూ డీజిలు డబ్బాల్లోనే వస్తుంది. వాన పడుతుంటే మూతతీసి పోసేవారిని నేను కళ్లారా చూశాను.

గొట్టం మార్చాక గాలి తియ్యాలి. మొదట ఫిల్టరు మీది మర, తరవాత పంపు మీది మర. చేతితో కొట్టే చిన్న మీట ఆడిస్తూ, నురగ పోయి స్వచ్ఛమైన డీజిలు వచ్చేదాకా వదిలి బిగించాలి. ఒక్కోసారి మీట ఎంత ఆడించినా పట్టు దొరకదు. పంపు పాడైందని అప్పుడు కంగారుపడవద్దు. లోపల దాన్ని నెట్టే గుబ్బ పైన ఆగివుంటుంది. ఇంజనును ఒక చుట్టు తిప్పితే మీటకు ప్రాణం వస్తుంది. ఈ చిన్న సంగతి తెలియక ఆడించి ఆడించి విసుగెత్తి ఇంటికి పోయినవాళ్లున్నారు.

గాలి పోయింది. వూగడం పోయింది. అయినా మా ఇంజనులో ఒక దెబ్బ మాత్రం క్రమంగా లోపిస్తూనే వుంది, వుయ్యాల వున్నంతసేపు అది వినబడలేదు. రెండు జబ్బులున్న రోగికి ఒకటి తగ్గితే రెండోది పైకొస్తుంది.

దీనికి మేస్త్రీల పాత పద్ధతే మంచిది. ఇంజను స్లోలో నడుస్తుండగా ఒక్కొక్క సిలిండరు గొట్టం నట్టును పంపు దగ్గర అరచుట్టు వదిలి, మళ్లీ బిగించడం. మంచి సిలిండరుకు డీజిలు ఆపితే చుట్లు ఠక్కున పడిపోతాయి. ఏ నట్టు వదిలినా తేడా రాకపోతే ఆ సిలిండరే పనిదొంగ. అయితే ఇక్కడ జాగ్రత్త. ఆ గొట్టంలో డీజిలు మామూలు గాలి ఒత్తిడికి నూరు రెట్లు పైబడిన ఒత్తిడితో వుంటుంది. సన్నటి ధార చర్మంలోకి సూదిలా దూరుతుంది; పైకి చిన్న చుక్క గాయంలా వుంటుంది, లోపల కండ కుళ్లుతుంది, వేలు తీసెయ్యవలసి రావచ్చు. అటువంటిది జరిగితే పసుపు పెట్టుకుని కూచోకుండా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పోవాలి. నట్టు చుట్టూ దళసరి గుడ్డ చుట్టండి, చెయ్యీ ముఖమూ దూరంగా పెట్టండి. లుంగీ కొంగు తిరిగే బెల్టుకు అందకుండా దోపుకోండి. కొత్తరకం ఇంజన్లకు ఈ పరీక్ష అసలు పనికిరాదన్నది అందుకే. వాటిలో ఒత్తిడి ఇంకా ఎన్నో రెట్లు.

పనిదొంగ దొరికాక వాడి ఇంజెక్టరును, అంటే డీజిలు చిమ్మే ముక్కును, పక్క సిలిండరుదానితో మార్చి చూడండి. జబ్బు దానితోపాటు పక్కింటికి పోతే తప్పు ముక్కుదే. పోకుండా అక్కడే వుంటే వాల్వు సందో, రింగులో, పంపులో ఆ గదో చూడాలి. మా నావమీద జబ్బు ముక్కుతో పాటే నడిచింది. విప్పి బల్లమీద పరీక్షిస్తే తుంపరగా చిమ్మవలసింది చుక్కచుక్కగా కారుతోంది. ఒక నాజిలు మార్చడం పంపు మార్చడమూ ఒకటి కాదు గదా! "ఆయ్, ఇంతేనాండీ?" అన్నాడతను, నమ్మకం కుదరక.

పొగ కూడా మాట్లాడుతుంది. తెల్లపొగ వచ్చి ఘాటుగా కళ్లు మండితే డీజిలు కాలకుండా పోతోంది. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ లేదు. గాలిని పదహారో, ఇరవయ్యో వంతుకు నొక్కితే పుట్టే వేడే దాని నిప్పు. రింగులు అరిగి గాలి జారిపోతే స్లోలో ఆ జారడానికి వ్యవధి ఎక్కువ, వేడి చాలదు. నీలిపొగ ఆయిలు కాలుతోందని చెబుతుంది. నల్లపొగ వస్తే డీజిలు ఎక్కువో, గాలి తక్కువో, లేదా బరువు ఎక్కువో. తెల్లపొగకు మన వైపు మరో కారణం వుంది. ఇంజను వేడిని సమంగా వుంచే థర్మోస్టాటును "ఎందుకండీ అడ్డం" అని పీకి పారేస్తారు. దాంతో గోదావరి నీరంతా ఇంజనును చల్లార్చేస్తూ, అది ఎప్పటికీ జలుబుచేసిన మనిషిలా తుమ్ముతూ వుంటుంది.

ఖాళీగా బాగుండి గేరు వేస్తేనే చచ్చిపోతే ఇంజనును తిట్టేముందు నీళ్లలోకి దిగి చూడాలి. నీటిలో తిరిగే పంకాకు వలతాడు చుట్టుకుని వుండవచ్చు, కాలువలో అయితే గుర్రపుడెక్క. లేదా రెండు నెలలు కదలని నావకు గుల్లలు పట్టి వుండవచ్చు. ఇంజను ఆపి, మళ్లీ ఎవరూ వెయ్యకుండా తాళం జేబులో వేసుకునే దిగాలి. ఇంజనును కూర్చోబెట్టిన దిమ్మల బోల్టులు వదులై ఇరుసు వంకరపడితే కూడా ఇదే వరస.

గవర్నరు దగ్గరికి ఇప్పుడు రావాలి, డబ్బా పరీక్షతో కూడా వూగడం ఆగకపోతేనే. ఎక్కువకాలం నిలిచిన పంపులో డీజిలు జిగురై లోపలి కడ్డీ బిగిసిపోతుంది. మీటల కీళ్లు అరిగితే సందు పడి ఆలస్యం వస్తుంది. పాత పంపుల్లో కొన్నిటికి గాలి పీల్పుతో నడిచే గవర్నరుంటుంది. దాని పొర చిరిగితే, గొట్టం వదులైతే స్లో నిలవదు. పొర, గొట్టం మనం చూసుకోవచ్చు. పంపు లోపలి పని మాత్రం పరీక్షబల్ల వున్న చోటే చేయించాలి. సీలు వేసిన పెద్దపరుగు మరను ఎవరు చెప్పినా తిప్పవద్దు.

ఇక స్లో మర. అందరూ మొట్టమొదట తిప్పేది దీన్నే. నాకు ఇది బొత్తిగా గిట్టదు. స్లో వూగుతోందని చుట్లు పెంచేస్తే వూగడం వినబడదుగాని పోదు. ఆ పైన ప్రతిసారీ ఎక్కువ చుట్లమీద గేరు పడుతుంది, ఠంగుమని కొడుతుంది, పళ్లు అరుగుతాయి. రేవులో పంటు పక్కకు నెమ్మదిగా చేర్చవలసిన నావ దూసుకుపోతుంది. మా యజమాని నావకు కూడా ఎవరో ముందే తిప్పేసి వున్నారు. గొట్టం, నాజిలు మార్చాక, ఇంజను బాగా వేడెక్కాక, చుట్లు కొలిచే పరికరం పెట్టి పుస్తకంలో వున్నచోటికి మేస్త్రీ దాన్ని వెనక్కి దించాడు.

ఈ పనులన్నిటికీ పట్టింది ఒక పూట, నాజిలు కోసం అమలాపురం వెళ్లివచ్చిన మరో పూట. పెట్రోలు ఇంజనున్న పడవవారు ఇదంతా చదివి నన్ను తిట్టుకోవచ్చు. వారి లెక్క వేరు: ప్లగ్గులు, కార్బురేటరులో స్లోకు వుండే సన్నటి రంధ్రం, గాలి గొట్టం అతుకులు. అన్నిటికంటె ముందు పడవ పొట్టలో పెట్రోలు ఆవిరి చేరకుండా మూతలన్నీ తీసి గాలి ఆడనివ్వాలి. ఆవిరి గాలికంటె బరువు, అడుగునే కూచుంటుంది. వారి సంగతి మరోవారం.

వేటకు పోయేముందు మా మేస్త్రీ చేయించిన పని ఒకటి చెప్పాలి. నావను రేవులో రెండు మోకులతో గట్టిగా కట్టి, గేరువేసి, నెమ్మదిమీద అరగంట నడిపించాడు. ముందుకు వేసి, ఖాళీలోకి తెచ్చి, వెనక్కి వేసి, ఇలా పదిసార్లు. ఒక్కసారీ ఆగలేదు. తరవాత ఇంజను పెట్టె మూత లోపల వాల్వుల సందు ఎంతో, స్లో చుట్లు ఎన్నో, గొట్టం ఏ తేదీన మార్చారో పెయింటుతో రాయించాడు. యజమాని కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, వాడే రాశాడు. 'వాల్వు'కు వొత్తు ఎక్కడ పెట్టాలని నన్నడిగాడు.